కాకర్ల సుబ్బారావు గారి సంస్మరణ సభను క్లాసులా జరపండి

రేడియాలజిస్టుల సంఘాల పెద్దలకు, ఉస్మానియా, నిమ్స్ పూర్వ విద్యార్థులకు, తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బాధ్యులకు నమస్కారం.

రేడియాలజిస్టు, నిమ్స్ డైరెక్టర్‌గా పనిచేసిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు 2021 ఏప్రిల్ 16న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 96 ఏళ్ళు. కరోనా సెకండ్ వేవ్ ముంచుకొస్తున్న రోజులవి. రేడియాలజీలో, అంటే ఎక్స్‌రేలు, స్కాన్లు చదివి జబ్బు గుర్తించే శాఖలో ఉన్న మేమంతా పొద్దున కూర్చుంటే అర్ధరాత్రి దాకా ఛాతీ సీటీ స్కాన్లు చూస్తూనే ఉన్నాం. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, వాళ్ళ శిష్యులు ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు. మామూలు రోజులైతే వార్త వినగానే ఎంతమంది బయల్దేరేవాళ్ళో మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఒకరికొకరం ఫోన్‌లో మెసేజ్ పెట్టుకుని, మళ్ళీ తర్వాతి స్కాన్ తెరిచాం.

ఆ వీడ్కోలు సరిగ్గా జరగలేదన్న వెలితి మాలో చాలామందికి ఇంకా తీరలేదు. 2025 జనవరి 25తో ఆయన పుట్టి వందేళ్ళు నిండాయి. జయంతి అని, వర్ధంతి అని ఆయన పేరు మీద సభ తలపెట్టే ప్రతి సంఘానికీ ఈ లేఖ రాస్తున్నాను. నా మనవి ఒక్కటే: ఆ సభలో పాఠం జరగాలి. హాలులోంచి బయటికొచ్చే ప్రతి పీజీకీ (పీజీ చదువుతున్న డాక్టరుకీ), ప్రతి ఎక్స్‌రే టెక్నీషియన్‌కీ ఆ పూట కొత్తగా ఒక్క విషయమైనా తెలియాలి. ముప్పై నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిని తలుచుకునే సభలో పాఠమే లేకపోతే, ఆయన ఫోటో తీసేసి ఇంకెవరి ఫోటో పెట్టినా ఆ సభ అలాగే నడుస్తుంది.

నేను సుబ్బారావు గారి దగ్గర నేరుగా చదువుకోలేదు. ఒక జిల్లా ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. మాకు పీజీలో పాఠం చెప్పిన మేడమ్, ఆయన శిష్యుల దగ్గర చదువుకున్నారు. ఆ లెక్కన నేను ఆయన శిష్యుల శిష్యుల తరం తర్వాతివాణ్ణి. నాతోటివాళ్ళలో చాలామంది పరిస్థితీ ఇదే. ఇప్పటి పీజీలకైతే ఆయన ఇంకా దూరం. ఆయన సంపాదకత్వంలో వచ్చిన లావుపాటి రేడియాలజీ పుస్తకాల అట్ట మీద కనబడే పేరు మాత్రమే. అందుకే ఆయన నడిచిన దారిని కాస్త చెప్పుకుని అసలు మాటకొస్తాను. పెద్దలకు తెలిసిన సంగతులే, పిల్లల కోసం చెబుతున్నాను.

కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేశారు. 1951లో అమెరికా వెళ్ళి, న్యూయార్క్, బాల్టిమోర్ ఆసుపత్రుల్లో రేడియాలజీ నేర్చుకున్నారు. అక్కడే స్థిరపడొచ్చు. 1956లో తిరిగొచ్చి ఉస్మానియా మెడికల్ కాలేజీలో చేరారు. ఉస్మానియా ఆసుపత్రిలో రేడియాలజీ విభాగం చూస్తూ, పాఠాలు చెబుతూ సుమారు పద్నాలుగేళ్ళు ఇక్కడే ఉన్నారు. 1970లో మళ్ళీ అమెరికా వెళ్ళారు. న్యూయార్క్‌లో ప్రొఫెసర్‌గా ఎముకల రేడియాలజీలో పేరు తెచ్చుకున్నారు. 1977లో న్యూయార్క్‌లో తెలుగువాళ్ళు తొలి మహాసభ పెట్టుకున్నప్పుడు, ఆ తర్వాత తానా ఏర్పడినప్పుడు ముందు నిలబడిన మనిషి ఆయనే. తానాకు తొలి అధ్యక్షులు. 1986లో ఎన్టీ రామారావు గారి పిలుపు మీద రెండోసారి తిరిగొచ్చి నిమ్స్ డైరెక్టర్‌గా బాధ్యత తీసుకున్నారు. 2000లో పద్మశ్రీ వచ్చింది.

1986 దగ్గర కాసేపు ఆగాలి. అప్పటికి ఆయన వయసు 61. అమెరికాలో ప్రొఫెసర్ ఉద్యోగం, స్థిరమైన సంసారం, తానే నిలబెట్టిన సంఘం, చుట్టూ వందలాది తెలుగు కుటుంబాలు. ఆ వయసులో ఎవరైనా రిటైర్మెంట్ గురించి ఆలోచిస్తారు. ఆయన పంజాగుట్ట వచ్చారు. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్ అప్పుడే అన్ని స్పెషాలిటీల సంస్థగా, నిమ్స్‌గా మారుతోంది. విభాగాలు పెట్టాలి, డాక్టర్లను పిలవాలి, యంత్రాలు తెప్పించాలి, ప్రభుత్వంతో రోజూ మాట్లాడుకోవాలి. ఇవాళ ఏ జిల్లాలోనైనా కేసు చేతులు దాటుతోందంటే ఇంట్లోవాళ్ళు ముందు అడిగే మాట "నిమ్స్‌కి తీసుకెళ్ళమంటారా సార్?" అని. ఆ నమ్మకం ఏర్పడిన తొలి రోజుల్లో డైరెక్టర్ కుర్చీలో ఉన్నది ఒక రేడియాలజిస్టు. మన శాఖ వాళ్ళకు అంత పెద్ద సంస్థ పగ్గాలు ఇవ్వడం అరుదు. డాక్టర్లలో మనం తెర వెనక ఉండేవాళ్ళం. రోగికి మన పేరు తెలియదు, రిపోర్టు అడుగున సంతకం తప్ప.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. విదేశంలో ఉండిపోయిన తెలుగువాళ్ళ కోసం కట్టిన సంఘానికి తొలి అధ్యక్షుడే సామాను సర్దుకుని ఇంటికొచ్చేశారు. వచ్చాక అక్కడివాళ్ళను మర్చిపోలేదు, ఇక్కడ ఉండిపోయినవాళ్ళను తక్కువగానూ చూడలేదు. రెండు చోట్లవాళ్ళూ ఆయన్ని మావాడు అనుకున్నారు. అందుకే ఈ లేఖ డాక్టర్ల సంఘాలతో పాటు తానాకు కూడా రాస్తున్నాను.

ఇప్పుడు సభల సంగతి.

కొన్నేళ్ళ కింద మా వైపు ఒక పెద్ద డాక్టరుగారి సంస్మరణ సభకు వెళ్ళాను. ఆయన పేరూ, ఊరూ, సభ పెట్టిన సంఘం పేరూ ఇక్కడ అనవసరం. ఇలాంటి సభలు ఎన్నో చోట్ల ఇలాగే జరుగుతున్నాయి. ఫ్లెక్సీ మీద పోయినాయన ఫోటో ఒక మూలన ఉంది, ముఖ్య అతిథుల ఫోటోలు వరసగా పెద్దవి ఉన్నాయి. పదింటికన్న సభ పన్నెండు దాటాక మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి ఆహ్వానాలు, ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఫోటో. మాట్లాడినవాళ్ళలో సగం మందికి ఆయనతో పరిచయం అంతంత మాత్రమే. "మహానుభావుడు, ఆయన లేని లోటు తీరనిది" అన్న మాట ఎన్నిసార్లు వినిపించిందో. ఆ డాక్టరుగారి దగ్గర జీవితమంతా పనిచేసిన డార్క్‌రూమ్ (ఎక్స్‌రే ఫిల్మ్‌లు కడిగే చీకటి గది) అసిస్టెంట్ ఒకాయన పెద్ద వయసులో ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. భోజనాల టైమ్ దాటిపోతుంటే ఆయన్ని పిలిచి "రెండు మాటలు చెప్పండి, త్వరగా" అన్నారు. మైక్ పట్టుకుని "సారు నాకు..." అన్నాడు, గొంతు పట్టేసింది, దిగిపోయాడు. ఆయనకు మూడు దశాబ్దాల సంగతులు తెలుసు. ఏ ఫిల్మ్‌ని డాక్టరుగారు రెండోసారి తీయించేవారో, ఏ కేసు దగ్గర రాత్రి ఆగిపోయేవారో, డబ్బుల్లేని మనిషి వస్తే రసీదు ఎలా రాయించేవారో ఆయన్ని అడిగితే చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. మేమంతా భోజనానికి లేచాం.

కాకర్ల సుబ్బారావు గారి పేరు మీద ఇలాంటి సభ జరిగితే నేను తట్టుకోలేను. అందుకే ముందుగా రాస్తున్నాను.

మరి ఎలా జరపాలి? మా మేడమ్ క్లాసు గురించి చెబుతాను, అందులోంచే నా ప్రతిపాదన వస్తుంది.

పొద్దున ఎనిమిదింటికి వ్యూ బాక్స్ (ఫిల్మ్ చదవడానికి వెనక నుంచి లైట్ వెలిగే పెట్టె) ముందు మేమంతా నిలబడేవాళ్ళం. మేడమ్ ఒక ఫిల్మ్ క్లిప్పుకి తగిలించి లైట్ వేసేవారు. ఫిల్మ్ పెట్టగానే జబ్బు ఎక్కడుందో కళ్ళతో వెతకడం ఆవిడకు నచ్చేది కాదు. ముందు పేరు చదవాలి. తర్వాత తేదీ. తర్వాత కుడి, ఎడమ గుర్తు సరిగ్గా పడిందా చూడాలి. ఫిల్మ్ బాగా వచ్చిందా, రోగి కదిలాడా చెప్పాలి. ఆ తర్వాత అంచుల నుంచి లోపలికి రావాలి: చర్మం, కండ, ఆపైన ఎముక. ఎవరైనా తొందరపడి నేరుగా జబ్బు పేరు చెప్పేస్తే, ఆ చోటు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇది వదిలెయ్ నాన్నా, మిగతాది చెప్పు" అనేవారు. ఇది ఆవిడ గురువుల నుంచి వచ్చిన పద్ధతి. వాళ్ళకు వాళ్ళ గురువుల నుంచి వచ్చింది.

ఒకసారి దగ్గుతో వచ్చిన ఒక పెద్దాయన ఛాతీ ఎక్స్‌రే పెట్టారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. గుండె సైజు బానే ఉంది. మా బ్యాచ్‌లో ఒకరు "నార్మల్ మేడమ్" అన్నారు. ఆవిడ ఏమీ అనకుండా వేలు ఫిల్మ్ పై మూలకు తీసుకెళ్ళారు. భుజం ఎముక తల అక్కడ సగమే పడింది, ఛాతీ ఫిల్మ్‌లో ఎవరూ పట్టించుకోని చోటు. అందులో మినపగింజంత గుండ్రని నల్ల మచ్చ, అంచు కొరికినట్టుగా ఉంది. "పుర్రె ఫిల్మ్ తీయించండి" అన్నారు. పుర్రె నిండా అలాంటి చిల్లులే. మైలోమా, ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్. దగ్గు తగ్గించుకుందామని వచ్చిన మనిషికి ఆ రోజే అసలు వైద్యం మొదలైంది.

చదువు ఇలాగే చేతులు మారుతుంది. ఎవరో ఒకరు పక్కన నిలబడి వేలు పెట్టి చూపిస్తేనే ఆ మూల మన కంటికి పడుతుంది. ఎముకల రేడియాలజీని జీవితమంతా చూపించిన మనిషికి జరిపే సభలో మైక్‌కన్నా ముందు కావాల్సింది వ్యూ బాక్స్.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. వేదిక వద్దు. అందరూ ఒకే మట్టం మీద కూర్చుందాం. ఆయన శిష్యులు, శిష్యుల శిష్యులు ఒక్కొక్కరు ఒక్క ఫిల్మ్ తేవాలి, రోగి పేరు తీసేసి. ఆ ఫిల్మ్ ముందు నిలబడి, దాన్ని ఎలా చదవాలో ఎవరు నేర్పారో చెప్పాలి, చదివి చూపించాలి. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాల్లో గురువు గురించి చెప్పాల్సిన మాట దానంతటదే వస్తుంది. సుబ్బారావు గారిని నేరుగా ఎరిగినవాళ్ళయితే ఆయన ఎక్కడ ఆగేవారో, ఏం అడిగేవారో, దేనికి కోప్పడేవారో ఫిల్మ్ చూపిస్తూ చెబుతారు. కింద కూర్చున్న పీజీకి మనిషీ అర్థమవుతాడు, జబ్బూ అర్థమవుతుంది.

మొదటి ఫిల్మ్ ఏది కావాలని నన్నడిగితే, ముంజేయి ఎక్స్‌రే అంటాను. మన నేల మీద ఎముకల రేడియాలజీ ఎందుకు ముఖ్యమో ఆ ఒక్క ఫిల్మ్ చెబుతుంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. వాటి మధ్య పల్చటి పొర ఒకటి ఉంటుంది, మామూలుగా ఎక్స్‌రేలో కనబడదు. ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగిన మనిషిలో ఆ పొర సున్నం పట్టి, ఎముక అంచు నుంచి తెల్లగా ముళ్ళలా లేస్తుంది. వెన్నెముక ఫిల్మ్ తీస్తే లోపలి అల్లిక కనబడనంత తెల్లగా ఉంటుంది. మోకాళ్ళు నొప్పులని, నడుం వంగడం లేదని వచ్చిన మనిషికి నొప్పి మాత్ర రాసి పంపేయడం తేలిక. ఆ ఫిల్మ్ చదవడం వచ్చినవాళ్ళే "మీది ఏ ఊరమ్మా? తాగే నీళ్ళు ఎక్కడివి?" అని అడుగుతారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు) గురించి తొలిసారి వైద్య పత్రికలో వచ్చింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. ఆ పల్లెల్లో చాలా భాగం తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి. కనిగిరి, పొదిలి, దర్శి నుంచి, అటు నల్లగొండలో మర్రిగూడ, మునుగోడు నుంచి వచ్చే ముసలివాళ్ళ ఫిల్మ్‌లలో ఆ ముళ్ళు ఇవాళ్టికీ కనబడతాయి. కొత్త పీజీలు చాలామంది ఎంఆర్‌ఐ గడగడా చదివేస్తారు, ఈ ఫిల్మ్ ముందు తడబడతారు. తప్పు వాళ్ళది కాదు, చూపించేవాళ్ళు తగ్గిపోయారు. సభ రోజున చూపిద్దాం.

రెండో మనవి టెక్నీషియన్ల గురించి. వాళ్ళను ఆహ్వాన పత్రికలో మొదటి వరసలో వేయండి. రేడియాలజిస్టు ఎంత గొప్పవాడైనా ఫిల్మ్ సరిగ్గా రాకపోతే చేసేదేమీ లేదు. పాత రోజుల్లో ఎర్ర బల్బు చీకట్లో డెవలపర్, ఫిక్సర్ తొట్ల మధ్య గంటలు గంటలు నిలబడి, హ్యాంగర్లకు ఫిల్మ్‌లు ఆరేసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. ఉస్మానియాలోనో, నిమ్స్‌లోనో అలా పనిచేసి రిటైరైనవాళ్ళను వెతికి పిలవండి. రానూపోనూ ఛార్జీలిచ్చి, పక్కన ఒక మనిషిని తోడు పెట్టి, ఇంటి దగ్గర దింపండి. వాళ్ళ మాట భోజనాల ముందు రెండు నిమిషాల్లో ముగించవద్దు, సభను వాళ్ళతోనే మొదలుపెట్టండి. మైక్ అంటే బెరుకుపడే మనిషైతే పక్కన కూర్చుని ఒకరు అడుగుతూ ఉంటే చెబుతారు. ఆ పూట కొంతసేపైనా పాఠం పూర్తి తెలుగులో జరగాలి. టెక్నీషియన్లు చేయి ఎత్తి ప్రశ్న అడిగే వాతావరణం అలాగైతేనే ఉంటుంది.

మెమెంటోల డబ్బు సంగతి కూడా చెప్పాలి. గాజు పెట్టెలో బంగారు రంగు అద్దిన బొమ్మలు మన ఇళ్ళలో అల్మారాల మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఆ ఖర్చు మానేసి లెడ్ ఏప్రాన్లు (రేడియేషన్‌ని అడ్డుకోవడానికి ఒంటి మీద వేసుకునే సీసం పొర తొడుగులు) కొనండి. చిన్న ఆసుపత్రుల్లో, డయాగ్నస్టిక్ సెంటర్లలో ఎక్స్‌రే తీసే పిల్లలు వాడే ఏప్రాన్లు చూశారా? మడతపెట్టి కుర్చీ మీద పడేసి, లోపల సీసం పొర పగిలిపోయి ఉంటుంది. పైకి గుడ్డ బాగానే కనబడుతుంది. పగిలిన చోటు నుంచి రేడియేషన్ లోపలికి పోతూనే ఉంటుంది. ఏప్రాన్‌ని మడవకూడదు, హ్యాంగర్‌కే వేలాడదీయాలి. ఏడాదికోసారైనా ఫ్లోరోస్కోపీ (తెర మీద కదిలే ఎక్స్‌రే) కింద పెట్టి పగుళ్ళున్నాయేమో చూడాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి రోజూ పెట్టుకోవాలి, మూడు నెలలకోసారి పరీక్షకు పంపాలి. ఇవి తెలియక కాదు, ఖర్చని వాయిదా వేసేవాళ్ళు ఎక్కువ. సభకు వచ్చే ప్రతి చిన్న సెంటర్ టెక్నీషియన్ తన ఏప్రాన్ వెంట తెచ్చుకుంటే అక్కడే పరీక్షించి, చెడిపోయినదానికి బదులు కొత్తది ఇవ్వండి. సుబ్బారావు గారి పేరు మీద ఇంతకన్నా మంచి శాలువా ఉండదు.

మూడోది ఆయన్ని ఎరిగిన పెద్దల గొంతులు రికార్డు చేయడం గురించి. దీనికి టైమ్ లేదు. 1956 నుంచి 1970 మధ్య ఉస్మానియాలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో అందరికన్నా చిన్నవాళ్ళకే ఇప్పుడు ఎనభై దగ్గరపడి ఉంటాయి. వాళ్ళలో ఎంతమంది ఉన్నారో, ఎక్కడున్నారో పూర్వ విద్యార్థుల సంఘాలకే తెలియాలి. దయచేసి సభ దాకా ఆగవద్దు. ఒక పీజీకి రికార్డు చేయడానికి ఫోన్ ఇచ్చి వాళ్ళ ఇళ్ళకు పంపండి. పీజీ వెళ్ళేటప్పుడు పాత ఫిల్మ్ ఒకటి తీసుకెళ్ళి చేతికివ్వమనండి. ఊరికే "సార్ గురించి చెప్పండి" అంటే పెద్దవాళ్ళు కూడా "మహానుభావుడు" అనే అంటారు. ఫిల్మ్ చేతిలో పెడితే కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తారు, అప్పుడు అసలు మాటలొస్తాయి.

తానా పెద్దలకు కూడా ఇదే మాట. 1977 నాటి న్యూయార్క్ సభకు పనిచేసినవాళ్ళు, తానా తొలి రోజులు చూసినవాళ్ళు మీ మధ్యే ఉన్నారు. తొలి అధ్యక్షుడిగా ఆయన రాసిన ఉత్తరాలు, సమావేశాల కాగితాలు, ఫోటోలు మీ దగ్గర ఏమేం భద్రంగా ఉన్నాయో ఒకచోట పెట్టి అందరికీ అందుబాటులోకి తెండి. ఇళ్ళలో అట్టపెట్టెల్లో ఉన్నవి అడిగి తీసుకోండి. పిల్లలు ఇల్లు మారేటప్పుడు అలాంటి పెట్టెలే ముందు బయటికి పోతాయి. రెండేళ్ళకోసారి జూలైలో మీరు జరిపే మహాసభలకు వేలమంది వస్తారు. అందులో ఒక పూట తొలి అధ్యక్షుడికి ఇవ్వండి. పాటల కచేరీకి ముందు హడావిడిగా ఒక వీడియో వేసి సరిపెట్టకండి. అమెరికాలో పుట్టి పెరిగి అక్కడే మెడిసిన్ చదువుతున్న మన పిల్లలను ఆ పూట ముందు కూర్చోబెట్టండి. 1956లో ఒకసారి, 1986లో ఒకసారి ఒక మనిషి ఎందుకు వెనక్కి వచ్చాడో వాళ్ళు అడుగుతారు. ఆ చర్చ జరగనివ్వండి. అందరూ తిరిగి రావాలని నేను అనడం లేదు, ఎవరి బతుకు వాళ్ళది. వేసవి సెలవుల్లో నెల రోజులు వచ్చి ఒక జిల్లా ఆసుపత్రిలో మా పీజీల పక్కన కూర్చుని ఫిల్మ్‌లు చదివినా మాకు చాలు. ఆన్‌లైన్‌లో వారానికో గంట ఇచ్చినా చాలు. చదువు చెప్పడం కోసం క్రెస్ట్ పేరుతో ఆయనే ఒక ట్రస్టు పెట్టారు. తానా, రేడియాలజిస్టుల సంఘాలు కొత్తగా ఏదో మొదలుపెట్టే ముందు ఆ ట్రస్టుతో మాట్లాడితే సగం పని అయినట్టే.

మీలో కొందరు ఏమంటారో ఊహించగలను. మంత్రిగారినో, ఎంపీగారినో పిలవకపోతే హాలు రాదు, స్పాన్సర్లు రారు అంటారు. హాలు పెద్దది అక్కర్లేదు. మెడికల్ కాలేజీ లెక్చర్ గ్యాలరీ సరిపోతుంది, అది ఉచితంగానే దొరుకుతుంది. సుబ్బారావు గారి మీద అభిమానంతో ఏ నాయకుడైనా వస్తానంటే సంతోషంగా రమ్మనండి, అందరితో పాటు కూర్చుని పాఠం వింటారు. తమ జిల్లాలో ఫ్లోరైడ్ ఎముకలు ఎలా ఉంటాయో ఆయన కూడా కళ్ళారా చూడటం మంచిదే. శాలువా కప్పకపోతే పెద్దలు నొచ్చుకుంటారు అనే మాట కూడా వస్తుంది. ఇంతకాలం పాఠం చెప్పిన పెద్దలకు పాఠం చెప్పే అవకాశమే ఇస్తున్నాం, నొచ్చుకునేవాళ్ళు ఉంటారని నేననుకోను. దండ, దీపం, మౌనం మానేయమని కూడా అనడం లేదు. ఫోటోకు దండ వేద్దాం, దీపం పెడదాం, రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. అవి అయ్యాక వ్యూ బాక్స్ లైట్ వేద్దాం.

తేదీ గురించి ఒక్క మాట. ఏప్రిల్ 16న ఆయన కుటుంబం తలుచుకుంటుంది, ఆ రోజు వాళ్ళకే వదిలేద్దాం. నవంబర్ 8 ప్రపంచ రేడియాలజీ దినం, 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టిన రోజు. ఆ రోజు మనకు ఎటూ వేరే కార్యక్రమాలుంటాయి. జనవరి 25 అయితే మంచిది. ఆయన పుట్టినరోజు, మర్నాడు రిపబ్లిక్ డే సెలవు. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన టెక్నీషియన్ రాత్రి బస్సెక్కి మర్నాడు ఇంట్లో ఉండొచ్చు, జీతం కోత ఉండదు.

జిల్లా ఆసుపత్రుల్లో చాలా చోట్ల రేడియాలజిస్టు ఒక్కరే ఉంటారు. సెలవు పెట్టాలంటే పక్క జిల్లావాళ్ళను బతిమాలుకోవాలి, ఎమర్జెన్సీ స్కాన్లు ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోవాలి. కాబట్టి సభ తేదీ డిసెంబర్ మొదటి వారంలోనే ఖాయం చేసి చెప్పండి. ఏర్పాట్లలో ఏ పని అప్పగించినా చేస్తాను. పాత వ్యూ బాక్సులు మా స్టోర్ రూమ్‌లో ఉన్నాయి, ట్యూబులు మారిస్తే వెలుగుతాయి, అనుమతి తీసుకుని తెస్తాను. కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ముంజేయి ఫిల్మ్, ఆవిడ ఒప్పుకోలు తీసుకుని, పేరు తీసేసి సిద్ధంగా ఉంచుతాను. ఆరేడు మంది రిటైర్డ్ టెక్నీషియన్ల చిరునామాలు వెతికిపెట్టాను, వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చే బాధ్యత నాది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న ఒక రేడియాలజిస్టు